ఓడినవాళ్ల సంగతేంటి? ప్రజాస్వామ్యం నేర్పడంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు ప్రజాస్వామ్యం, ప్రభుత్వ బాధ్యతలు ఎలా నేర్పాలన్న దాని మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి పేజీలన్నీ కేటాయించాం. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఒకటే ఉత్తరం తీసుకున్నాం.

తొమ్మిదో తరగతిలో మాదిరి ఎన్నిక పెట్టాం. అందర్నీ నవ్వించే అబ్బాయి భారీ మెజారిటీతో గెలిచాడు. గెలిచాక ఏం చేయాలో అతనికీ తెలీదు, మాకూ తోచలేదు. "ఎన్నికలంటే ఇంతే కదా టీచర్" అన్నారు పిల్లలు. ఎక్కడ పొరపాటు జరిగింది?
– సోషల్ టీచర్

ఆ అబ్బాయిది తప్పు కాదు, ఓటేసినవాళ్లదీ కాదు. పదవికి పని లేనప్పుడు ఎవరైనా మనిషిని చూసే ఓటేస్తారు. అందుకని ముందు పని రాయండి, ఆ తర్వాతే పేర్లు అడగండి. ఒక పేజీ చాలు. పదవీకాలం ఆరు వారాలు. లైబ్రరీకి ముందు ఏ పుస్తకాలు తెప్పించాలో నిర్ణయించడం, ఆటస్థలం వంతులు వేయడం, పదిహేను రోజులకోసారి క్లాసు ముందు నిలబడి పది నిమిషాలు జవాబు చెప్పడం ఆ పదవిలో ఉన్నవాళ్ల పని. అదే పేజీలో చేయకూడనివీ రాయాలి: ఎవరినీ శిక్షించకూడదు, అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయకూడదు. మూడో వంతు మంది సంతకాలు పెడితే పదవిలో ఉంచాలా వద్దా అని మళ్లీ ఓటింగ్ జరగాలి. ఈ కాగితమే మీ క్లాసు రాజ్యాంగం. దీన్ని పిల్లలతోనే రాయించగలిగితే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

ఒక హెచ్చరిక. హెడ్మాస్టరు తర్వాత కొట్టేసే అవకాశమున్న ఏ నిర్ణయాన్నీ పిల్లల చేతికి ఇవ్వకండి. చిన్న అధికారమైనా పర్లేదు, అది నిజమైనదై ఉండాలి. ఉత్తుత్తి అధికారం ఇస్తే ఎన్నికంటే నాటకమన్న పాఠం నేర్చుకుంటారు, అదీ బాగా గుర్తుంచుకుంటారు.

ఇక పోలింగ్. చేతులెత్తించడం మానేయండి, స్నేహితుడు చూస్తున్నాడని చెయ్యెత్తేవాళ్లే ఎక్కువ. ఓటరు పేరు, అతను ఎవరికి ఓటేశాడన్నది పుస్తకాల్లో అచ్చయిన కాలం ఒకటుంది. అచ్చు వేసిన బ్యాలెట్ మీద రహస్యంగా గుర్తు పెట్టే పద్ధతి 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలసల్లో మొదలైంది. బ్రిటన్‌కు 1872లో వచ్చింది. బెదిరించేవాడికీ డబ్బు పంచేవాడికీ ఓటు ఎటు పడిందో తెలిసే దారి మూసేయడం దాని ఉద్దేశం. ఈ కారణం చెప్పాకే అట్టపెట్టె, తెర ఏర్పాటు చేయండి.

ఓటింగ్‌కు ముందు ఖాళీ పెట్టెను అందరికీ తిప్పి చూపించి సీలు వేయాలి. కాగితాలన్నీ ఒకే సైజు, ఒకే రంగు, పెన్నులు కూడా ఒకే రంగు. ఒక్కో అభ్యర్థి తరఫున ఒక ఏజెంటు కూర్చోవాలి. లెక్కింపులో ప్రతి కాగితాన్నీ పైకెత్తి చూపించి, పేరు గట్టిగా చదవాలి. రెండు గుర్తులు పెడితే? గీత బయట పెడితే? ఓట్లు సమానమైతే లాటరీయా, మళ్లీ పోలింగా? ఇవన్నీ ముందురోజే తేల్చి రాసుకోవాలి. పెట్టె తెరిచాక రాసిన నియమం ఏదైనా ఎవరో ఒకరికి అనుకూలంగానే కనబడుతుంది.

చివరి లెక్క ముఖ్యం. నలభై కాగితాలు ఇస్తే, పెట్టెలో ఉన్నవీ పాడై తిరిగొచ్చినవీ కలిపి నలభై రావాలి. ఒకటి తగ్గితే తేలిగ్గా వదిలేయకండి. ఖాళీ కాగితం ఒక్కటి బయటికి పోతే చాలు. బయటున్నవాడు దాని మీద గుర్తు పెట్టి తర్వాతి ఓటరు చేతిలో పెడతాడు. ఆ ఓటరు దాన్ని పెట్టెలో వేసి, తనకిచ్చిన ఖాళీ కాగితం తెచ్చి ఇస్తాడు. అలా గొలుసు సాగిపోతుంది. దీనికి విరుగుడు సులువే. కాగితం అంచున చింపడానికి వీలైన ముక్క మీద నంబరు వేయండి. ఇచ్చేటప్పుడు నంబరు రాసుకోండి, పెట్టెలో వేసే ముందు మడత విప్పకుండానే నంబరు సరిచూసి ఆ ముక్క చింపేయండి. మోసం ఆగుతుంది, రహస్యమూ నిలుస్తుంది. ఈ మోసాన్ని ఒకసారి పిల్లలతోనే ఆడించి చూపిస్తే నియమాలన్నీ ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు.

గెలిచినవాణ్ని అభినందించి ఆపేయడం అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు. రెండో స్థానంలో నిలిచినవాళ్లకూ పదవి ఇవ్వండి. పదిహేను రోజుల సమావేశంలో మొదటి రెండు ప్రశ్నలు అడిగే హక్కు వాళ్లదే. ఓడిన అభ్యర్థి ఆరు వారాలు మూలన కూర్చుంటే అక్కడ సగం ప్రజాస్వామ్యమే జరిగినట్టు.

ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలుస్తారు, అంతే కదా? దీనిమీద ఒక పీరియడంతా చెప్పడానికి ఏముంది?
– ఇంటర్ లెక్చరర్

ఒక లెక్క ఇచ్చి చూడండి. 30 మంది విద్యార్థులు. ఉన్న కొద్ది నిధిని ఆట సామగ్రికి, పుస్తకాలకు, మొక్కలకు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చాలి. ప్రతి ఒక్కరూ మూడింటినీ ఇష్టం వరుసలో రాస్తారు. 12 మంది: ఆట, పుస్తకాలు, మొక్కలు. 10 మంది: మొక్కలు, పుస్తకాలు, ఆట. 8 మంది: పుస్తకాలు, మొక్కలు, ఆట.

మొదటి ఇష్టం మాత్రమే లెక్కేస్తే 12 ఓట్లతో ఆట సామగ్రి గెలుస్తుంది. చివర నిలిచినదాన్ని తీసేసి రెండో విడత పెడితే పుస్తకాలు పోతాయి, ఆ 8 ఓట్లు మొక్కలకు వెళ్తాయి, 18–12తో మొక్కలు గెలుస్తాయి. రెండేసి చొప్పున పోటీ పెడితే పుస్తకాలు ఆట మీద 18–12తో, మొక్కల మీద 20–10తో నెగ్గుతాయి. ఒక్క ఓటు మారలేదు, ఒక్క దొంగ ఓటు పడలేదు, విజేతలు మాత్రం ముగ్గురు!

18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో బోర్డా, కాండోర్సే అనే ఇద్దరు గణితవేత్తలు ఈ చిక్కు మీదే వాదించుకున్నారు. కాండోర్సే 1785లో ఇంకో చిక్కు చూపించాడు: జనం మొత్తంగా అ కన్నా ఆ, ఆ కన్నా ఇ, ఇ కన్నా అ మేలని చెప్పే పరిస్థితి రావచ్చు. ఎంపికలు మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే, న్యాయమనిపించే కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి నిలబెట్టే ర్యాంకుల పద్ధతి ఉండదని అమెరికా ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1951లో గణితంతో నిరూపించాడు. ఇదంతా చెప్పాక "అయితే ఎన్నికలు దండగ" అనేస్తారు కొందరు. అది కాదు అర్థం. ఏ పద్ధతిలో ఓటేయాలో ఓటుకు ముందే ఒప్పుకోవాలి. అందుకే ఎన్నికల నియమాలు మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఎన్నికంత పెద్ద విషయం.

మా అబ్బాయికి పదిహేనేళ్లు. ప్రభుత్వం మాటెత్తితే "అందరూ దొంగలే, అసలు ప్రభుత్వమెందుకు" అంటాడు. వాదించబోతే ఇంట్లో గొడవే. ఏం చెప్పను?
– ఒక తల్లి

వాదించకండమ్మా. ఒకరోజు డైరీ రాయించండి. నిద్రలేచినప్పటి నుంచి పడుకునేదాకా ప్రభుత్వం చెయ్యి పడిన ప్రతి చోటా ఒక గీత. కుళాయి నీళ్లు, పాల ప్యాకెట్ మీద తేదీ ముద్ర, బస్సు డ్రైవర్ లైసెన్సు, మాత్రల షీటు, ఫోను వాడుకునే స్పెక్ట్రమ్, చేతిలో నోటు, పుట్టినతేదీ సర్టిఫికెట్. ఆ తర్వాత పక్కన మూడు గడులు గీయమనండి: ఇది ఏ ప్రభుత్వం పని, స్థానికమా, పై స్థాయా? డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? పాడైతే ఎవర్ని అడగాలి? మొదటి గడి ఎలాగోలా నిండుతుంది, మూడోది ఖాళీగా మిగులుతుంది. అసలు పాఠం ఆ ఖాళీలోనే ఉంది.

ఆ జాబితాను ఇంకోలా విడగొట్టించండి. చట్టం, కోర్టు, కరెన్సీ, సరిహద్దు వంటివి ప్రభుత్వం తప్ప ఇంకొకరు చేయలేరు. వీధిదీపానిది ఇంకో రకం. డబ్బు కట్టనివాడికి మాత్రం చీకటి వేయలేం కనుక దాన్ని మార్కెట్ సరిగా నడపలేదు. టీకా వేసుకున్నవాడితోపాటు పక్కవాడికీ మేలు కనుక దాన్ని ఎవరి ఖర్చుకు వాళ్లను వదిలేస్తే చాలినంతమంది వేసుకోరు. ఇక మూడో రకం, పుస్తకాల్లో తరచూ జారిపోయేది: ప్రభుత్వం వేలు పెట్టకూడనివి. ఏ దేవుణ్ని మొక్కాలి, ఎవర్ని పెళ్లాడాలి, ఏం ఆలోచించాలి. చేయాల్సింది చేయడంతోపాటు, చేయకూడనిదాని జోలికి పోకుండా ఉండడం కూడా ప్రభుత్వ బాధ్యతే.

"దొంగలే" అన్నమాటకు వస్తే, కొట్టిపారేయకుండా పట్టుకోండి. "ఎవరు? నీకెలా తెలిసింది? ఎవరు బయటపెట్టారు?" అని అడగండి. బయటపెట్టింది ఆడిట్ నివేదికో, కోర్టో, చట్టసభలో ఒక ప్రశ్నో, విలేకరో అయి ఉంటుంది. ప్రభుత్వ కాగితాలు చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టంలో రాసుకుంది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో అలాంటి సమాచార చట్టాలున్నాయి. దొంగతనం జరగదని ప్రజాస్వామ్యం హామీ ఇవ్వదు. దాన్ని పట్టుకునేవాళ్ల చేతులు కట్టేయకుండా చూస్తుంది. మరొకటి: పార్టీ, ప్రభుత్వం, రాజ్యం వేరువేరని విడమరచి చెప్పండి. పార్టీ ఓడుతుంది, ప్రభుత్వం మారుతుంది, రాజ్యం ఉంటుంది. ఈ మూడూ ఒకటే అనుకున్న పిల్లాడికి మంత్రి మీద కోపం వస్తే పోస్టాఫీసు మీద కూడా నమ్మకం పోతుంది.

బడ్జెట్ గురించి చెబితే పిల్లలు ఆవలిస్తున్నారు. ఆటలా చెప్పే వీలుందా?
– ట్యూషన్ మాస్టారు

ఉంది. ఎనభై నిమిషాలు, ఐదారుగురి గుంపులు, గుంపుకు వంద గింజలు, ఎనిమిది కప్పులు. కప్పుల మీద రాయండి: ఆసుపత్రులు, బడులు, రోడ్లు, తాగునీరు, పోలీసు–కోర్టులు, రక్షణ, పింఛన్లు, పాత అప్పుల వడ్డీ. ఇవి కాక ప్రతి పిల్లవాడి జేబులో సొంత గింజలుంచండి. అందరికీ సమానంగా వద్దు, కొందరికి రెండు, కొందరికి ఐదు, ఒకరికి పన్నెండు.

మొదటి విడతలో ఇష్టమొచ్చినట్టు పంచమనండి. వడ్డీ కప్పులో ఎవరూ వేయరు. అప్పుడు నియమం చెప్పండి: వడ్డీకి కనీసం పన్నెండు వేయాలి, ఎగ్గొడితే ఇకమీద అప్పు పుట్టదు. ఇప్పటికే ఉన్న జీతాలు, పింఛన్ల కోసం ఇంకో నలభై ఎనిమిది గింజలు కప్పులకు అతికించినట్టే లెక్క. మిగిలింది నలభై. నిజమైన బడ్జెట్లలోనూ పెద్ద భాగం ఇలా ముందే కట్టుబడి ఉంటుంది. మన గొడవంతా మిగిలినదాని మీదే.

రెండో విడతలో ఆదాయం పది గింజలు పడిపోయింది. దారులు మూడు: కోత పెట్టడం, పన్ను వేయడం, అప్పు తేవడం. పన్నంటే జేబుల్లోంచి తీయాల్సిందే. తలా రెండా, ఉన్నవాడి దగ్గర ఎక్కువా? తలా రెండంటే రెండే ఉన్నవాడి జేబు ఖాళీ. ఉన్నవాడే ఇవ్వాలంటే, పన్నెండున్నవాడు "అయితే నేను పక్క టేబుల్‌కు పోతా" అంటాడు, అననివ్వండి. అప్పు తెస్తే పదికి ఒకటి చొప్పున వచ్చే విడత నుంచి వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. మూడో విడతలో అనుకోని ఖర్చుగా "వరద వచ్చింది" అని రాసిన చీటీ తీయండి.

ఆట ఎక్కడ దారి తప్పుతుందంటే, ఎవరో ఒకరు "వృథా ఖర్చులు తగ్గిద్దాం, అవినీతి ఆపుదాం, డబ్బు అదే మిగులుతుంది" అంటారు. గుంపంతా ఊపిరి పీల్చుకుంటుంది, కష్టమైన నిర్ణయం తప్పిపోతుంది. కాదనకండి. ఏ కప్పులో ఎంత వృథా ఉందో రాయమనండి. దాన్ని పట్టుకునే ఆడిటర్ల కోసం తొమ్మిదో కప్పు తెచ్చి రెండు గింజలు వేయించండి, ఫలితం వచ్చే విడతలోనే వస్తుందని చెప్పండి. జీతాలు కోస్తామంటే ఆసుపత్రి కప్పు తీసి పక్కన పెట్టి, ఇక నర్సు రాదని చెప్పండి.

పిల్లలు నిజమైన డబ్బు పంచిన సందర్భాలూ ఉన్నాయి. నగర ఖర్చులో కొంత భాగాన్ని నేరుగా పౌరులే నిర్ణయించే పద్ధతి బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రిలో 1989లో మొదలైంది. అమెరికాలో బోస్టన్ నగరం 2014లో పది లక్షల డాలర్లను 12 నుంచి 25 ఏళ్లవాళ్ల ఓటుకు వదిలిపెట్టింది.

మా క్లాసులో 34 మందిమి. ఎండ పడే కిటికీ పక్క రెండు బెంచీల్లో ఏడాదంతా మా నలుగురమే కూర్చోవాలని ఓటింగ్ పెట్టి 30–4తో నిర్ణయించారు. "మెజారిటీ నిర్ణయం, సర్దుకోండి" అన్నారు సార్. మేం ఓడిపోయామా, లేక మాకు అన్యాయం జరిగిందా?
– పదో తరగతి విద్యార్థి

రెండూ జరిగాయి. నువ్వా తేడా పట్టుకున్నావు కనుక కాస్త వివరంగా చెబుతాను.

ఓడిపోవడం తప్పేం కాదు. క్రికెట్టా, ఫుట్‌బాలా అని ఓటేస్తే ఎవరో ఒకరు ఓడతారు. కానీ మూడు ప్రశ్నలు వేసుకో. నియమం అందరికీ వర్తిస్తుందా, లేక పేర్లు చూసి పెట్టారా? ఈరోజు ఓడినవాళ్లు రేపు గెలిచే వీలుందా? తనకు ఏ బెంచీ వస్తుందో తెలియకపోతే ఆ ముప్పై మందీ ఇలాగే ఓటేసేవాళ్లా? మీ క్లాసు తీర్మానం మూడింటిలోనూ తప్పింది. మోయాల్సిన బరువుంటే దాన్ని పంచుకునే పద్ధతి మీద ఓటేయొచ్చు. ఆ బరువు ఫలానా నలుగురి నెత్తిన వేయడానికి ఓటు చాలదు.

చాలా దేశాల రాజ్యాంగాలు ఇందుకే కొన్నిటిని ఓటుకు అందకుండా దాచాయి. 1949 నాటి జర్మనీ రాజ్యాంగంలో మనిషి గౌరవాన్ని కాపాడే సూత్రాన్ని ఏ మెజారిటీతోనూ సవరించడం కుదరదు. నీ వయసు పిల్లలకు సంబంధించిన తీర్పూ ఒకటుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బడిపిల్లలంతా జెండా వందనం చేసి తీరాలన్నారు. తమ మతం ఒప్పుకోదన్న పిల్లల్ని బడి నుంచి పంపేశారు. 1943లో సుప్రీంకోర్టు ఆ నిర్బంధం చెల్లదంది. ప్రాథమిక హక్కులు ఎన్నికల ఫలితం మీద ఆధారపడవని ఆ తీర్పులో రాశారు. మూడేళ్ల ముందు, 1940లో, అదే కోర్టు సరిగ్గా దీనికి ఎదురు తీర్పిచ్చింది. కోర్టులూ తప్పుతాయి, దిద్దుకుంటాయి కూడా.

ఇక నీ పని. "అన్యాయం" అని అరవకు, కొత్త తీర్మానం రాసుకుని వెళ్లు. బెంచీకి ఇద్దరు చొప్పున మీవి పదిహేడు బెంచీలు. వారానికో బెంచీ జరుపుకుంటూ పోతే ప్రతి జంటకూ పదిహేడు వారాల్లో రెండు వారాలే ఎండ. ఈ లెక్క బోర్డు మీద వేసి, మళ్లీ ఓటింగ్ అడుగు. ఆ ముప్పైలో కొందరు సరదాకి చెయ్యెత్తినవాళ్లు ఉంటారు, రహస్య ఓటు అడగడం మర్చిపోకు. అప్పుడూ కాదంటే హెడ్మాస్టరు దగ్గరికి రాతపూర్వకంగా వెళ్లొచ్చు. పై మెట్టు ఉన్నది అందుకే. కిటికీకి కర్టెన్ వేయించమని మాత్రం ఈలోపే అడుగు!

వివాదాస్పద విషయాలు చర్చిస్తే తల్లిదండ్రులు "రాజకీయాలు నూరిపోస్తున్నారు" అంటున్నారు. మానేస్తే పాఠం చప్పగా ఉంటోంది.
– హైస్కూలు ఉపాధ్యాయుడు

జర్మనీలో ఇదే గొడవ తలెత్తినప్పుడు 1976లో బాయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్లో విద్యావేత్తలు సమావేశమయ్యారు. అక్కడ తేలిన మూడు సూత్రాలు నేటికీ పనికొస్తాయి. విద్యార్థిని ఉక్కిరిబిక్కిరి చేసి మీ అభిప్రాయంలోకి లాగకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నదాన్ని క్లాసులోనూ వివాదంగానే చూపాలి. తన ప్రయోజనం ఏమిటో తానే తేల్చుకునే శక్తి విద్యార్థికి రావాలి. రెండో సూత్రాన్ని ఇష్టమొచ్చినట్టు సాగదీస్తేనే చిక్కు. పన్ను ఎంతుండాలన్నది వివాదం. మశూచి టీకా పనిచేసిందా అన్నది కాదు, దానికి "రెండు వైపులు" వెతకకండి.

గెలుపోటముల డిబేట్ కన్నా ఈ పద్ధతి మేలు. నలుగురేసి, రెండు జంటలు. పది నిమిషాలు చదువుకోవడం, నాలుగేసి నిమిషాలు వాదన, తర్వాత పక్షాలు మార్చి మళ్లీ అంతే. చివరి పది నిమిషాలు పక్షాలు వదిలేసి, ఎక్కడ ఒప్పుకుంటున్నారో ఎక్కడ లేదో నలుగురూ కలిసి ఒక పేజీ రాయాలి. పక్షం మార్చే ముందు ఎదుటివాళ్ల వాదన వాళ్లు "అవును, అదే" అనేలా తిరిగి చెప్పాలి. ఇది లేకపోతే ఆ పద్ధతి మామూలు కొట్లాటే. విషయం, రెండు వైపుల చదివే కాగితాలు ముందే ఇంటికి పంపండి. ఫిర్యాదుల్లో చాలావరకు పిల్లలు సగం విని చెప్పినదాని మీద వచ్చేవే.

పదహారేళ్లకే ఓటివ్వొచ్చంటారా?
– కాలేజీ విద్యార్థిని

ఇచ్చిన దేశాలున్నాయి. బ్రెజిల్ 1988 రాజ్యాంగంలో పదహారు, పదిహేడేళ్లవాళ్లకు ఐచ్ఛికంగా ఇచ్చింది, ఆస్ట్రియా 2007లో పదహారుకు తగ్గించింది. మా అభిప్రాయమైతే, బడిలో ఒక్క నిజమైన ఓటైనా వేయించకుండా వయసు ఒక్కటే తగ్గిస్తే పెద్ద తేడా ఉండదు. ఓటు రాకముందు కూడా మాట్లాడే హక్కుందని మాత్రం గుర్తుంచుకోమ్మా. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది.

మా సంఘం పిల్లలు రోడ్డు మీద గుంత గురించి మూడు వందల సంతకాలు సేకరించి పంపారు. రెండు నెలలైనా జవాబు లేదు. "ఎవరూ పట్టించుకోరు" అని నీరుగారిపోయారు.
– యువజన సంఘం నిర్వాహకులు

ఆ కాగితం ఎవరికి పంపారన్నది మీ ఉత్తరంలో లేదు. తరచూ తప్పు అక్కడే జరుగుతుంది. రోడ్డు స్థానిక సంస్థదా, పై ప్రభుత్వానిదా అని ముందు తేల్చుకోవాలి. తనది కాని రోడ్డు మీద వచ్చిన అర్జీని అధికారి పక్కన పెట్టేయొచ్చు.

మళ్లీ రాయించండి. ఒక అర్జీలో ఒకే సమస్య. గుంత ఎక్కడుందో చెప్పే గుర్తు, పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచిన సెంటీమీటర్లలో, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో, తేదీ. చివర్లో అడిగేది ఒకే వాక్యం: ఫలానా చోట గుంత పూడ్చండి, ఎప్పటికి పూడుస్తారో రాతపూర్వకంగా తెలపండి. "తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే తీసుకున్నామనే జవాబే వస్తుంది. అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోవాలి, లేదా ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. నకలు పిల్లల ఫైల్లో ఉండాలి. సంతకాలు ఈ దశలో అక్కర్లేదు, వాటిని ఎన్నికైన ప్రతినిధి దగ్గరికి వెళ్లేటప్పటికి దాచుకోండి. అధికారికి కొలతలు కావాలి, ప్రతినిధికి తలల లెక్క కావాలి.

గడువు దాటితే ఒక మెట్టు పైకి, మొదటి అర్జీ నకలు జతచేసి. మూడు మెట్లు ఒకేసారి ఎక్కితే కాగితం తిరిగి కింది ఆఫీసుకే వస్తుంది. ఎవరు ఏ రోజు ఎవరితో మాట్లాడారో ఒక నోట్‌బుక్‌లో రాస్తూ ఉండే పని ఒకరికి అప్పగించండి.

"నిధులు లేవు" అని వస్తే అది జవాబు రానట్టు కాదు. మరమ్మతుకు అంచనా ఎంత వేశారు, ఈ ఏడాది రోడ్ల ఖాతాలో ఎంత కేటాయించారు, ఆ డబ్బు ఏ రోడ్లకు, ఏ వరుసలో వెళ్లింది అని సమాచార చట్టం కింద అడిగించండి. ఆ కాగితాలు వచ్చిన రోజు గింజల కప్పులు మళ్లీ బయటికి తీయండి.